ఎడమవైపు కుర్చీ

పియానో కచేరీలో తలుపులు తియ్యగానే ఎడమవైపు కుర్చీల కోసం గబగబా నడిచేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళలో చాలామంది ఆ వాద్యం నేర్చుకుంటున్నవాళ్ళే. వేదిక మీద పియానోని అడ్డంగా పెడతారు కాబట్టి ఎడమవైపు కూర్చుంటేనే వాయించే మనిషి చేతులు కనబడతాయి. ఈ సంగతి నాకు ముప్ఫై దాటాక గానీ తెలియలేదు.

చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో మా మిస్ దగ్గర పద్నాలుగేళ్ళు వచ్చేదాకా నేర్చుకున్నాను. ఒక గ్రేడు పరీక్షలో పరీక్షకుడు నా చేతుల్ని చూసి, "చిన్న చేతులు, పెద్ద పీసులు కష్టం" అన్నాడు. దయగానే అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే, "పోనీలే, ఎలాగూ టెన్త్ వస్తోందిగా" అంది అమ్మ. అంతే, ఆపేశాను. ఆడపిల్లలు ఏదైనా మానెయ్యడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు మన ఇళ్ళల్లో. ఎవరూ నన్ను ఆపలేదు, అలాగని ఎవరూ కొనసాగించమనీ అనలేదు. పీహెచ్‌డీ అయ్యి ఉద్యోగం దొరికాక ఒక డిజిటల్ పియానో కొనుక్కుని, సిగ్గుపడుతూ మళ్ళీ మిస్ దగ్గరికి వెళ్ళాను.

అప్పట్నుంచీ ఒకే ఒక్క పీసు వెంట పడ్డాను. బ్రామ్స్ ఓపస్ 118లోని రెండో ఇంటర్‌మెట్సో. 1893లో అచ్చయిన ఆ సంపుటిని ఆయన క్లారా షూమన్‌కి అంకితమిచ్చాడు. రికార్డింగు వందసార్లు విని, అచ్చం అలాగే వాయించాలని చూసేదాన్ని. భుజాలు బిగిసిపోయేవి. ఒక్క స్వరం తప్పినా ఆగిపోయి, "సారీ మిస్" అని మొదటికొచ్చేదాన్ని. గదిలో ఎవరూ లేనప్పుడు కూడా సారీ చెప్పేదాన్నని తర్వాత గమనించుకున్నాను.

2022లో పరిశోధన పని మీద కొన్ని నెలలు లండన్‌లో ఉన్నాను. ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కన సెయింట్ మార్టిన్ చర్చిలో మధ్యాహ్నం పూట కచేరీలుంటాయి. దాని ఎదురుగానే నేషనల్ గ్యాలరీ. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే అందులోని బొమ్మల్ని భద్రంగా వేరేచోటికి పంపించేస్తే, ఖాళీ అయిన ఆ గదుల్లో భోజనవేళ కచేరీలు పెట్టింది పియానిస్టు మైరా హెస్. టిక్కెట్టు ఒక షిల్లింగు. అక్టోబరు 10న మొదటి కచేరీలో తనే వాయించింది. 1946 దాకా దాదాపు 1,700 కచేరీలు జరిగాయక్కడ. సాయంత్రం ముస్తాబై వెళ్ళే సంగీతాన్ని ఆఫీసు గుమాస్తాలు, సైనికులు మధ్యాహ్నం నిలబడి వినేట్టు చేసింది. నేను చర్చి బల్ల మీద, ఎడమవైపు, సంచిలో శాండ్‌విచ్ పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆవిడే గుర్తొచ్చింది.

ఆ రోజు వాయించినామె సన్నగా, నా అంతే పొట్టిగా ఉంది. వచ్చి కూర్చోగానే వాయించలేదు. కుర్చీ పక్కనున్న గుండ్రటి పిడి తిప్పి ఎత్తు సరిచేసుకుంది. మళ్ళీ తిప్పింది. అంతమంది ఎదురుచూస్తుంటే ఏ తొందరా పడలేదు. నేనెప్పుడూ మిస్ ఇంట్లో ముందువాళ్ళు కూర్చుని వెళ్ళిన ఎత్తులోనే సర్దుకుపోయేదాన్ని.

తర్వాత ఆమె కాళ్ళు చూశాను. రికార్డింగులో వినబడనివి కాళ్ళే. కొత్త స్వరాలు పడుతున్న క్షణంలో పెడల్ మీంచి పాదం లేస్తుంది, అవి మోగాక మళ్ళీ దిగుతుంది. చేతితో పాటే తొక్కేయడం వల్లే నా శబ్దం బురదగా ఉంటోందని అప్పుడర్థమైంది. మిస్ ఇదే మాట ఇరవైసార్లు చెప్పింది, కళ్ళతో చూసేదాకా కాలికి ఎక్కలేదు. వీడియోల్లో చూడొచ్చుగా అంటారు. చూశాను. కానీ సరిగ్గా కావలసిన చోట కెమెరా ముఖం మీదికి వెళ్ళిపోతుంది. ఎక్కడ చూడాలో మనకి బదులు ఇంకెవరో నిర్ణయిస్తారు.

అసలు సంగతి ఇంకా ఉంది. చెయ్యి అందనంత ఎడమున్న స్వరాలొచ్చిన చోట ఆమె వాటిని ఒక్కసారిగా నొక్కకుండా కిందనుంచి పైకి ఒకదాని వెంట ఒకటి దొర్లించింది. మణికట్టు మెత్తగా పక్కకి నడిచింది. రికార్డింగులో అలాంటిది విన్నప్పుడు అది భావం కోసం అనుకునేదాన్ని. ఇక్కడ కళ్ళెదుట కనిపిస్తోంది, అది చేతి కొలత. ఆ కొలతతోనే భావమూ వచ్చింది. ఒకచోట స్వరం తప్పింది కూడా. ఆగలేదు, ముఖం మారలేదు, ముందుకెళ్ళిపోయింది.

పియానోలో ఒక అష్టకం వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. ఆడవాళ్ళ చేతి చాపు సగటున మగవాళ్ళకంటే తక్కువని కొలిచి చెప్పారు. అయినా వాద్యం కొలత మారదు, మారాల్సింది మన చెయ్యే. మరి చిన్న చేతుల జోసెఫ్ హాఫ్‌మన్‌కి స్టైన్‌వే కంపెనీ సన్నటి మెట్లతో పియానోలు చేసిచ్చింది! నా చేతుల్ని చూసి జాలిపడ్డ పరీక్షకుడికి ఆ కథ తెలుసో లేదో.

అన్ని కచేరీలూ ఇలా ఉపయోగపడవు. ఒక పెద్ద హాల్లో ఖరీదైన టిక్కెట్టు కొని, ఎక్కడో పై బాల్కనీలోంచి ఒక మహావిద్వాంసుణ్ణి విన్నాను. చేతులు కనబడలేదు, వేగం మాత్రం వినబడింది. వారం రోజులు పియానో మూత తియ్యబుద్ధి కాలేదు.

హైదరాబాద్‌లో పియానో కచేరీలు తక్కువ. అందుకని మిస్ ఇంట్లో పిల్లలు వాయించే ఆదివారాలు వదలను. పోయిన నెల నన్నూ వాయించమంది. కుర్చీ ఎత్తు సరిచేసుకున్నాను, రెండుసార్లు. అందని చోట దొర్లించాను. రెండుచోట్ల తప్పాను. ఒకచోట "సారీ" పెదవుల దాకా వచ్చింది గానీ చేతులు ఆగలేదు. అయ్యాక చూస్తే, పదేళ్ళ పిల్ల ఒకతి నా ఎడమపక్కకి స్టూలు లాక్కుని కూర్చునుంది. "ఆంటీ, ఆ పెద్ద కార్డ్ దగ్గర చెయ్యి అలా ఎందుకు తిప్పారు?" అని అడిగింది. తన చెయ్యి తెచ్చి నా చేతి పక్కన పెట్టింది కొలవడానికి.