అమ్మకి చెప్పిన రోజు

కిందటేడు ఫిబ్రవరిలో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గట్టిగా చేతికి తగిలింది. అప్పుడు నాకు 46 ఏళ్ళు. ఐర్లాండులో బ్రెస్ట్‌చెక్ వాళ్ళు ఉచితంగా మామోగ్రామ్‌కి పిలిచేది 50 నుంచి 69 ఏళ్ళ వాళ్ళని. నా వంతుకి ఇంకా నాలుగేళ్ళుంది కదా అని ఊరుకోలేదు, అదొక్కటే నేను చేసిన తెలివైన పని. మర్నాడే జీపీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఆసుపత్రి క్లినిక్‌కి ఉత్తరం రాసింది. నెల తిరక్కుండా సంగతి తేలిపోయింది.

ఆ రాత్రి మావారు అన్న మొదటి మాట, "తెనాలిలో అత్తయ్యకి చెప్పకు." రెండో మాట, "ఇక్కడ మనవాళ్ళకి కూడా వద్దులే." ఆయన్ని తప్పు పట్టను. నేనూ అదే అనుకున్నాను. మన ఇళ్ళలో ఆ జబ్బు పేరు ఎవరు పలుకుతారు? "పాపం, ఆయన్ని బసవతారకంలో చూపిస్తున్నారట" అంటాం, విన్నవాళ్ళకి అర్థమైపోతుంది. ఎన్టీఆర్ గారి భార్య క్యాన్సర్‌తో పోయాక ఆమె పేరిట హైదరాబాదులో 2000లో ఆ ఆసుపత్రి మొదలైంది. మనం మాత్రం ఆ పేరుని జబ్బు పేరు నోట్లోకి రాకుండా అడ్డం పెట్టుకుంటున్నాం.

మొదటి రోజే ఆంకాలజిస్టు అడిగారు, "మీ కుటుంబంలో ఇంకెవరికైనా వచ్చిందా?" లేదన్నాను. ధీమాగానే అన్నాను.

కీమో మూడు వారాలకోసారి. మావారికి షిఫ్టులు, మా అమ్మాయికి లీవింగ్ సర్ట్ చదువు. బస్సులో వెళ్ళి బస్సులో రావడం నా వల్ల కాదని రెండోసారికే తెలిసింది. అది చూసి ఆసుపత్రి నర్సు ఐరిష్ క్యాన్సర్ సొసైటీ వాలంటీర్ డ్రైవర్ల సంగతి చెప్పింది. పైసా తీసుకోరు. 1963లో పెట్టిన సంస్థ అది. ఏటా మార్చిలో డాఫడిల్ డే అని పసుపు పువ్వు బ్యాడ్జీలు అమ్ముతారు, 1988 నుంచి నడుస్తోంది. సూపర్ మార్కెట్ గుమ్మంలో నేనూ ఎన్నిసార్లో కొన్నాను. ఆ రెండు యూరోలు ఎటు పోతాయో ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకరోజు కారై మా ఇంటి ముందుకొచ్చి ఆగాయి.

నన్ను ఎక్కువసార్లు తీసుకెళ్ళింది రిటైరైన ఒక పెద్దాయన. ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. వాన గురించి, హర్లింగ్ ఆట గురించి చెప్పేవాడు. నాకు ఆ ఆట ఒక్క ముక్క అర్థం కాదు, అయినా వినేదాన్ని. ఒకసారి నేనే ఉండబట్టలేక, మా అమ్మకి ఇంకా చెప్పలేదన్నాను. ఆయన కాసేపు రోడ్డు చూసి, "మా అమ్మ కాలంలో మేమూ ఆ మాట గుసగుసగానే అనేవాళ్ళం" అన్నాడు. మనకే ఉందనుకున్నానా రోగం!

దాచినా దాగలేదు లెండి. ఊడుతున్న జుట్టు తీయించుకుని స్కార్ఫ్ కట్టుకుంటే మన వాట్సాప్ గ్రూపులకి ఎంతసేపు? ఒకాయన గోమూత్రం పంపిస్తానన్నాడు. ఒక ఆదివారం ఎనిమిది మంది చెప్పా పెట్టకుండా వచ్చి, నా ముందే ఎవరెవరు ఎలా పోయారో చెప్పుకున్నారు. జ్వరం 38 డిగ్రీలు దాటితే అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యమని నర్సులు చేతికి కార్డిచ్చిన రోజులవి. వచ్చినవాళ్ళలో ఇద్దరికి జలుబు! అదే గ్రూపులో ఒక గుంటూరు అక్క ఉంది. ప్రతి కీమో తర్వాత మూడో రోజు తాలింపు లేని చారు, మెత్తటి అన్నం డబ్బాల్లో పెట్టి గుమ్మం దగ్గర ఉంచి, బెల్ కొట్టకుండా వెళ్ళిపోయి, కారులోంచి మెసేజ్ పెట్టేది. తాలింపు వాసన నాకు పడటం లేదని ఆవిడకి ఎలా తెలిసిందో ఇప్పటికీ అడగలేదు.

సొసైటీ వాళ్ళే ఇంకో ఏర్పాటు చేశారు. ఇదే జబ్బు దాటి, శిక్షణ తీసుకున్నవాళ్ళు మనతో ఫోన్లో మాట్లాడతారు. నాకు దొరికింది కార్క్ ఆవిడ. నేను మొహం చూడలేదు. అమ్మ సంగతి ఆవిడకీ చెప్పాను. ధైర్యం చెబుతుందనుకున్నాను. "చెప్పాక మీ అమ్మని ఓదార్చే పని కూడా నీదే అవుతుంది. ఆ ఓపిక ఉన్న రోజు చూసుకుని చెప్పు" అంది. అన్ని నెలల్లో నాకు పనికొచ్చిన సలహా అది.

నాలుగో కీమోకి ముందు ఆదివారం ఓపికగా ఉంది. వీడియో కాల్‌లో స్కార్ఫ్ తీసేశాను. అమ్మ చాలాసేపు చూసింది. "తిరపతి వెళ్ళావా?" అంది. లేదమ్మా అని, జబ్బు పేరుతో సహా చెప్పాను. ఏడవలేదు. "అన్నం సయిస్తోందా?" అని అడిగి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తెల్లారకముందే తనే చేసింది. "మీ పెద్దమ్మకీ అదేనే" అంది.

పెద్దమ్మ నా చిన్నప్పుడు, తన నలభైలలోనే పోయింది. టైఫాయిడ్ అని చెప్పారు. మేమంతా అదే నమ్మాం. కాదట. రొమ్ములో గడ్డ. ఆడపిల్లలకి సంబంధాలు రావని తాతయ్య ఎవరికీ చెప్పొద్దన్నారట. అక్కని చూసుకున్నది అమ్మే. పుండు కడిగిందట, రాత్రిళ్ళు పక్కన పడుకుందట. ఇన్నేళ్ళూ ఒక్కతే మోసింది ఆ మాటని.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. నేనూ నాలుగు నెలలు చేసింది అదే కదా.

ఆంకాలజిస్టుకి చెప్పాను. అమ్మ అక్కకి చిన్న వయసులో వచ్చిందంటే లెక్క మారుతుందన్నారు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది దాకా వంశంలో దిగే జన్యువుల వల్ల వస్తాయట. బీఆర్‌సీఏ పరీక్షకి రాశారు. అది నా ఒక్కదాని కోసమే కాదు, మా అమ్మాయి కోసం, హైదరాబాదులో ఉన్న పెద్దమ్మ కూతుళ్ళ కోసం కూడా. వాళ్ళిద్దరికీ ఫోన్ అమ్మే చేసింది. నేను చేస్తానన్నా వినలేదు.

కీమో అయింది, ఆపరేషన్ అయింది, రేడియేషన్ నడుస్తోంది. రక్తం ఇచ్చి వచ్చాను, ఫలితం ఇంకా రాలేదు. అమ్మ రోజూ మా పొద్దున్నే ఫోన్ చేస్తుంది. జబ్బు గురించి రెండు నిమిషాలు, పెద్దమ్మ గురించి అరగంట. ఆవిడకి గవ్వలాట పిచ్చట, నవ్వితే వీధి చివరకి వినపడేదట. నిన్న మా అమ్మాయి కూడా పుస్తకం పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.