గడప లోపలి కళ

"సౌందర్యం" అనే మాట వినగానే కొంచెం వెనక్కు తగ్గే విమర్శకులు మనలో ఉన్నారు. ఆ జంకుకు కారణం లేకపోలేదు. ఒకనాడు సౌందర్యం పేరు చెప్పి జీవితాన్ని కవిత్వంలోకి రానివ్వలేదు. వెన్నెలా, విరహమూ, ఊహాప్రేయసీ ఉంటే చాలునన్నారు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పుడు ఆ ధోరణికి ఎదురు నిలవక తప్పలేదు. అయితే సౌందర్యాన్ని వాళ్ళ సొత్తుగానే వదిలిపెట్టటం వల్ల మనకొక నష్టం జరిగింది. శ్రమచేసే మనిషి ఇంట్లో ఉన్న అందాన్ని కళగా గుర్తించి, దాన్ని గురించి తర్కించే అలవాటు మనకు సరిగా అబ్బలేదు.

నేను భద్రాచలంలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. ఇక్కడ కళ అంటే అందరికీ ముందు గుర్తుకొచ్చేది గుడి. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీలుదారుగా ఉన్న కంచెర్ల గోపన్న ఆ గుడి కట్టించి, దేవుడికి నగలు చేయించి, సర్కారు సొమ్ము వాడినందుకు గోలకొండ చెరసాలకు పోయాడు. ఆ సొమ్ము రైతుల దగ్గర వసూలయిన శిస్తు. ఆ నగల్లో సీతమ్మవారి చింతాకు పతకం ఒకటి. దానికెంత ఖర్చయిందో రామదాసు కీర్తనలోనే లెక్క ఉన్నది. దాన్ని చేసిన కంసాలి ఎవరో మాత్రం ఏ కీర్తనా చెప్పదు. కట్టించినవాడి పేరు తప్ప రాళ్ళు మోసినవాడి పేరు చరిత్రలో ఉండదేమని "దేశచరిత్రలు"లో శ్రీశ్రీ అడిగాడు. ఆ ప్రశ్న ఈ నగకు కూడా వర్తిస్తుంది. అయితే నాకు ఇంకో సంగతి కూడా ముఖ్యంగా తోస్తుంది. రాణివాసపు నగకు రూపం కావలసి వచ్చినప్పుడు ఆ కంసాలి వెతుక్కున్నది పెరట్లో చింతచెట్టు ఆకును. చింతచిగురు పప్పులో వేసుకునే ఇంట్లో పుట్టిన చూపు అది.

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరాన, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉన్నది. వనవాసంలో సీతారాములు ఆకుల కుటీరం వేసుకున్న చోటు అదేనని జనం నమ్మకం. అక్కడికి వచ్చే యాత్రికులకు చూపించేవేమిటి? సీతమ్మ స్నానం చేసిన వాగు, ఆమె పసుపూ కుంకుమా తీసుకున్న రంగురాళ్ళు, నారచీరలు ఆరేసినప్పుడు బండమీద పడ్డ చారలు. రాతి చారలకు భూగర్భశాస్త్రం వేరే కారణం చెబుతుంది, అది అట్లా ఉంచుదాం. ఇక్కడ గమనించవలసింది జనం చేసిన ఎన్నిక. ఆ బండ మీది గీతలను రాముడి బాణపు గుర్తులని చెప్పుకున్నా అడిగేవాళ్ళు లేరు. వాళ్ళు మాత్రం ఉతికి ఆరేసిన చీర అన్నారు. రోజూ చేసే ఇంటిపనిలో చూడదగ్గ రూపం ఒకటి ఉందని, అది రాతి మీద నిలిచిపోదగినదని, ఈ కథ కల్పించినవాళ్ళకు తెలుసు. అలంకారశాస్త్రం చదివిన మనకు ఆపాటి ధైర్యం ఇంకా రాలేదు.

స్త్రీల పాటల్లోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు "స్త్రీల రామాయణపు పాటలు" అచ్చువేసింది. ఈ పాటల్లో యుద్ధానికి దొరికే చోటు తక్కువ. కౌసల్య పురిటినొప్పులు, పిల్లల ముద్దుముచ్చట్లు, అత్తా కోడళ్ళ మాటలు, ఊర్మిళ నిద్ర, వీటికి దొరికే చోటు ఎక్కువ. ఈ పాటల్లో చాలా భాగం అగ్రకులాల ఇళ్ళల్లో పాడుకున్నవేనన్న మాట దాచవలసిన పని లేదు. నాట్లలో, కలుపుల్లో పాడుకునే స్త్రీల పాట దారి వేరు. అయినా రెండు చోట్లా ఒక సంగతి ఉమ్మడిగా ఉన్నది. పని చేసే చేతులే పాట కట్టాయి. పనికీ పాటకూ మధ్య గోడ లేదు.

ఇక మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా నాయనమ్మ బొంతలు కుట్టేది. చిరిగిన చీరలన్నీ ఒక మూట కట్టి, ఎండలు ముదిరినప్పుడు వేపచెట్టు కింద విప్పేది. బాగా నలిగి మెత్తబడ్డ బట్ట లోపలికి, ఇంకా గట్టిగా ఉన్నది పైకి. అంచులు విడిగా కోసి నాలుగు వైపులా అతికేది. దబ్బనంతో దారాన్ని పైకీ కిందికీ దూరుస్తూ, బయటి నుంచి నడిమికి వరసలు వరసలుగా వచ్చేది. బొంత వెచ్చగా ఉండటానికి ఆ వరసలు అంత సమంగా ఉండనక్కరలేదు. ఎర్ర అంచు పక్కన ఆకుపచ్చ అంచే రావాలన్న నియమం చలిని ఆపదు. ఆ నియమం ఎవరూ పెట్టలేదు, ఆమె పెట్టుకున్నది. కూలికి పోయిన చోట ఎన్ని మునుములు పట్టాలో మేస్త్రీ చెప్పేవాడు, ఇంట్లో ఏం వండాలో తాత చెప్పేవాడు. అంచు రంగు విషయంలో మాత్రం ఆమె మాటే చెల్లుబాటయ్యేది. కళ అంటే ఏమిటని విద్యార్థులు అడిగినప్పుడు నేను ఆ అంచుల దగ్గరనుంచి మొదలు పెడతాను. అవసరం తీరిన తరువాత కూడా పని ఆగకుండా, చేసేవాడి ఇష్టం ప్రకారం ఇంకొంచెం ముందుకు సాగితే, ఆ సాగిన మేరా కళే.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. జంతువు తన అవసరం మేరకే నిర్మిస్తుందనీ, మనిషి సౌందర్య సూత్రాలను అనుసరించి కూడా నిర్మిస్తాడనీ మార్క్స్ 1844 నాటి రాతప్రతుల్లో అన్నాడు. ఇంగ్లండులో విలియం మారిస్ ఇంటి సామాన్లలో కళను తిరిగి నిలబెట్టాలని 1861లో ఒక సంస్థనే పెట్టాడు. తీరా చూస్తే, చేత్తో చేసిన ఆ సరుకు కొనగలిగినవాళ్ళు చాలావరకు ధనికులే అయ్యారు. ఆయన సోషలిస్టు కావటానికి ఉన్న కారణాల్లో ఈ అనుభవం కూడా ఒకటి.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. రెంటికీ జవాబు చెప్పాలి.

మొదటిది: "ఇది పేదరికానికి రంగు పూయటం కాదా?" అట్లా పూసేవాళ్ళు ఉన్నమాట నిజం. కోయగూడెంలో అలికిన అరుగునూ, తడిక మీద ఎండబెట్టిన ఇప్పపువ్వునూ, దూలానికి వేలాడే సొరబుర్రనూ ఫోటో తీసుకుని, ఎంత ప్రశాంతమైన జీవితమో అని మెచ్చుకుని పోతారు. ఆ ఇప్పపువ్వు ఏరటానికి ఆడమనిషి ఎన్నిగంటలకు లేచిందో, తునికాకు కట్టకు ఆమెకెంత ముట్టిందో ఫోటోలో పడదు. అందాన్ని శ్రమనుంచి వేరు చెయ్యటమే ఇక్కడి మోసం. 2019లో కేంద్రప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీ జీతంలేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నది. చేసే పురుషుడు పెట్టేది 97 నిమిషాలు. పైగా, అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే పురుషులే తక్కువ. విమల "వంటిల్లు" కవిత చదివినవాళ్ళకు ఈ లెక్క కొత్తగా ఉండదు. కాలేజీ నుంచి వచ్చి చీరకొంగు దోపుకుని పొయ్యి ముందు నిలబడే నాబోటివాళ్ళకూ కొత్త కాదు. కాబట్టి ఇంటి అందాన్ని పొగిడేవాడు ఆ 299 నిమిషాల మాట ఎత్తకపోతే అతని పొగడ్త వట్టిది.

రెండవది మనవాళ్ళే వేసే ప్రశ్న: "ముందు కూడు, తరువాత కదా అందం?" వినటానికి న్యాయంగానే ఉన్నది. కాని జనం ఈ వరస పాటించటం నేను చూడలేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంత నీరు మళ్ళీ అప్పుడే చూశాం. మా అమ్మావాళ్ళ ఇల్లు గోడల్లో సగం దాకా మునిగింది. నీరు తీసినాక రెండు రోజులు ఒండ్రు ఎత్తి పోశాం. మూడోనాడు పొద్దున్నే అమ్మ పేడా ఎర్రమన్నూ కలిపి అరుగు అలికి, ముగ్గుగిన్నె ముందేసుకుని కూర్చున్నది. పక్కింటావిడ, "పొయ్యింకా ఆరనే లేదు, ముగ్గుకేం తొందరొచ్చింది వదినా?" అన్నది. "ముగ్గెయ్యకుండ ఇంట్లకెట్ల పోతం?" అన్నది అమ్మ. ఆమె వేసింది నాలుగే నాలుగు గీతలు. మధ్యాహ్నానికి ఆ వీధిలో ఇంకో మూడిళ్ళ ముందు ముగ్గులున్నాయి. బియ్యం పంచే బండి సాయంత్రం గాని రాలేదు. ఆకలి తీరేదాకా అందం ఆగాలన్న నియమం కడుపు నిండినవాళ్ళు పెట్టిందేమోనని అప్పుడనిపించింది.

దీన్ని కళ అని పిలిస్తే ఏం ఒరుగుతుందని అడగవచ్చు. ఒరిగేది చాలా ఉన్నది. పోలవరం ప్రాజెక్టు ముంపు కోసం 2014లో ఈ ప్రాంతపు ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కోయలూ, కొండరెడ్లూ ఊళ్ళు ఖాళీచేసి పునరావాస కాలనీలకు పోతున్నారు. 2013 నాటి భూసేకరణ చట్టం ఇంటికీ చెట్టుకూ నిలిచివున్న పంటకూ విలువ కట్టమంటుంది. మూడు తరాల ఆడవాళ్ళు అలికి అలికి నున్నగా చేసిన అరుగుకు అందులో గడి లేదు. గడి లేనిదానికి నష్టం కూడా లేనట్టే లెక్క. కోయల కులగాథలను పడిగెలముందు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఎన్నాళ్ళనుంచో రావలసిన గౌరవం అది. అయితే మునిగిపోయే ప్రతి గూడెంలోనూ, జనం ముందు పాడని కళ, పేరు లేని కళ ఒకటి ఉన్నది. దాన్ని విమర్శకుడే కళ అనకపోతే రెవెన్యూ గుమాస్తా అంటాడా?

చిన్న వస్తువులను తక్కువగా చూడవద్దని "ఋక్కులు"లో శ్రీశ్రీ చెప్పాడు. మనం ఆ వస్తువులను కవిత్వంలోకి తెచ్చుకున్నాం గాని, వాటిని చేసే చేతులను కళాకారుల జాబితాలోకి తెచ్చుకోలేదు. ఈ సంవత్సరం నేను మా విద్యార్థులకు ఒక పని అప్పగించాను. ఇంట్లో అవసరానికి మించిన అందం ఎక్కడున్నదో వెతికి, దాన్ని చేసినవాళ్ళెవరో, ఏ వేళ చేశారో, ఆ వేళకు ఇంట్లో మిగిలినవాళ్ళు ఏం చేస్తున్నారో రాసుకు రమ్మన్నాను. విస్తళ్ళు కుట్టే అమ్మ గురించి ఒక కోయపిల్లవాడు రాశాడు. అడ్డాకులు అన్నీ ఒకే వైపుకు తిరిగి ఉండేట్టు ఆమె కుడుతుందట. ఎందుకని అడిగితే, తినేవాడికి కనపడాలి గదా అన్నదట. ఆమె కుట్టేది రాత్రి, అందరూ పడుకున్నాక. ఆ వాక్యం దగ్గర తరగతి కాసేపు నిశ్శబ్దమైంది. తరువాత ఒక అమ్మాయి లేచి, "ఆమెకు పగటిపూట ఒక గంట ఎవరు ఇస్తారు మేడమ్?" అని అడిగింది. సౌందర్యశాస్త్రంలో మనం జవాబు వెతకవలసిన ప్రశ్న అదేనని నా ఉద్దేశం.