గోదావరి ఒడ్డున మూడు రోజులు

సెలవులకు ఎక్కడికైనా వెళ్ళాలంటే నాకు రెండు షరతులు: వేళకు కాఫీ దొరకాలి, మెట్లెక్కే పని ఉండకూడదు. ఈ రెండూ తెలిసి కూడా మా మిత్రుడు మొన్న సంక్రాంతికి నన్ను ఖమ్మంలో బస్సెక్కించాడు. ఆయన బడిలో చరిత్ర చెబుతాడు. అందుచేత బస్సులోనూ చెబుతాడు.

"గోదావరి తీరమంతా చరిత్రేరా! కళ్ళారా చూద్దువుగాని, రా" అన్నాడు. అసలు పని వేరే ఉందని మూడో రోజున గాని నాకు తెలియలేదు.

మొదటి రోజు నేలకొండపల్లి చూశాం. పాత బౌద్ధస్తూపం ఉన్న ఊరు. కంచర్ల గోపన్న పుట్టిన ఊరూ అదే. మర్నాడు కొత్తగూడెం, పాల్వంచ దాటాక దారికి అటూ ఇటూ అడవి. ఆ పాల్వంచ పరగణాకే గోపన్న తహసీల్దారు. సర్కారు పన్ను సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పడి, రామదాసయ్యాడు. ఆయన కథ వింటూ మెట్లన్నీ ఎక్కేశాను. రాముడి దయ, మోకాళ్ళు నొప్పి పుట్టలేదు.

సాయంత్రం స్నానఘట్టం దగ్గర మిత్రుడు నీటిమట్టం గుర్తులు చూపించాడు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 53కి మూడవది. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. అంతసేపూ కబుర్లు చెప్పినవాడు అక్కడ మౌనంగా నిలబడిపోయాడు.

మూడో రోజు కూనవరం బస్సెక్కాం. భద్రాచలం పొలిమేర దాటగానే ఎటపాక. అక్కడితో తెలంగాణ అయిపోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు కూనవరం. అక్కడే మా మిత్రుడి మేనత్త ఇల్లు. ఎనభై దాటిన మనిషి. గుమ్మంలోనే అరిసెల పళ్ళెంతో ఎదురొచ్చింది.

తిన్నాక మిత్రుడు గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యా, పోలవరం డ్యాము నిండితే ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి. పరిహారం తీసుకుని మా ఇంటికి వచ్చెయ్యి."

ఆవిడ నావైపు తిరిగింది. "చూడు నాయనా! నేను కాపురానికి వచ్చేటప్పటికి ఇది తూర్పుగోదావరి. 1959లో ఖమ్మం జిల్లా అన్నారు. 2014లో మునిగే ఊళ్ళని మళ్ళీ తూర్పుగోదావరిలో కలిపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. జిల్లాలు కదిలాయి గాని నా పొయ్యి కదల్లేదు."

"ఈసారి కదిలేది జిల్లా కాదు అత్తయ్యా, నీళ్ళు" అన్నాడు వాడు.

"ఎనభై ఆరు వరదలో పిల్లల్ని చంకనేసుకుని గుట్టెక్కాను. నీళ్ళు తీశాక దిగివచ్చి బురద ఎత్తిపోశాను. వచ్చిన నీళ్ళు పోతాయన్న ధైర్యం అది. పోని నీళ్ళతో ఎలా వేగాలో నాకు తెలియదురా!"

అంత నిబ్బరంగా మాట్లాడిన మనిషి గొంతు అక్కడ వణికింది. మిత్రుడు తల దించుకున్నాడు. చరిత్రలో ఎన్ని రాజ్యాలు పోయాయో తేదీలతో సహా చెప్పగలవాడికి ఆ ఒక్క మాటకు జవాబు దొరకలేదు.

కాసేపటికి ఆవిడే లేచి పెరట్లో చింతచెట్టు కింద రాలిన కాయలు ఏరి సంచిలో పోసి వాడి చేతిలో పెట్టింది. "ఉగాదికి మళ్ళీ రా. అప్పుడు చెబుతాను" అంది.

తిరుగు ప్రయాణంలో వాడు చరిత్ర చెప్పలేదు. భద్రాచలం వంతెన మీద బస్సు ఆగినప్పుడు, "వస్తుందంటావా?" అని అడిగాడు.

"ఉగాదికి నేనూ వస్తాను" అన్నాను. నాకు తోచిన జవాబు అదొక్కటే.