మాడిన రొయ్యకు మార్కులు లేవు

వంట ఒక విద్య అనీ, దానికి నిప్పూ ఓర్పూ రెండూ కావాలనీ పెద్దలు చెప్పగా విన్నాము. నిప్పు రాజేయకుండా, రుచి చూడకుండా, చేతికి తడి అంటకుండా ఆ విద్యలో మెట్లెక్కవచ్చునని మాత్రం ఒక కంప్యూటరు ఆట చెప్పేవరకు మాకు తెలియదు. ఆ ఆట పేరు రూన్‌స్కేప్. ఆండ్రూ గోవర్ అనే ఆంగ్లేయ యువకుడు సోదరుడు పాల్ సహకారంతో రూపొందించగా 2001 జనవరిలో వెలువడింది. దానిని నడిపే జాగెక్స్ సంస్థ కేంబ్రిడ్జిలో ఉన్నది. 2007 నాటి రూపమే బాగుండేదని ఆటగాళ్ళు పట్టుబట్టగా, ఆ పాత ఆటను 2013 ఫిబ్రవరిలో ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ అన్న పేరుతో మళ్ళీ తెచ్చారు. 2018 అక్టోబరులో అది సెల్‌ఫోనులోకీ వచ్చింది. మేము ఆడేది ఈ పాత ఆటనే.

మేము అంటే ఇంట్లో ఇద్దరం. ఒకరు ఇరవై ఏడేళ్ళుగా వంటింట్లో నిలబడినవారు. రెండవవారు అదే వంటింటి గడపలో నిలబడి “అయిందా?” అని అడిగినవారు. ఎవరు ఎవరో మన టౌన్‌షిప్ పాఠకులకు వివరించనవసరం లేదు.

ఆటలోని లోకం పేరు గీలినార్. కోటలు, మాంత్రికులు, నిప్పులు కక్కే డ్రాగన్లు, అన్నీ ఉన్నవి. ఏకకాలంలో వేలాదిమంది ఏవేవో దేశాలనుండి అందులో సంచరిస్తూ ఉంటారు. కత్తియుద్ధం, గని తవ్వకం, కమ్మరం, చేపల వేట, వంట ఇలా ఒక్కొక్క విద్యకూ 1 నుండి 99 వరకు స్థాయిలు. డ్రాగన్లను చంపే వయస్సూ ఉత్సాహమూ మాకు లేవు గనుక వంటను ఎంచుకున్నాము.

కొత్తవారికి లంబ్రిడ్జ్ కోటలోని వంటవాడు ఎదురవుతాడు. ప్రభువుగారి పుట్టినరోజు, కేకు చేయాలి, సరుకులు మాత్రం లేవు. గుడ్డు, పాలు, గోధుమపిండి మనమే తెచ్చిపెట్టాలి. పిండి అంటే దుకాణంలో కొనే పొట్లం కాదు. చేలో గోధుమ కోసుకొని, గాలిమర పై అంతస్తుకు ఎక్కి, తొట్టిలో పోసి, మీట లాగి, మళ్ళీ కిందికి దిగి, రాలిన పిండిని కుండలోకి ఎత్తుకోవాలి. పాలకు బాల్చీ పట్టుకొని ఆవు దగ్గరికే పోవాలి. ఇంట్లో వంట చేసేవారికి ఈ ఘట్టం ఎంతో నచ్చింది. “సరుకు ఎక్కడినుంచి వస్తుందో ఇక్కడ అందరికీ తెలుస్తుంది,” అన్నారు. ఆ మాటలో కాస్త వాత ఉన్నదని గడపవద్ద నిలబడేవారికి అర్థమైంది. సరుకులు అప్పగించగానే 300 అనుభవ పాయింట్లు వచ్చి మేము ఒక్కసారిగా నాలుగవ స్థాయికి చేరాము.

ఆ తరువాత అంతా చేపలే. మా ఇంట చేప ఉడకదు. ఆటలో మాత్రం రొయ్యలతో మొదలుపెట్టి ట్రౌట్, సాల్మన్, లాబ్‌స్టర్ మీదుగా కత్తిచేప దాకా పోయాము. వంకాయ కూర చేసినందుకు పాయింట్లిచ్చే ఏర్పాటు కేంబ్రిడ్జివారికి తోచినట్లు లేదు. బొమ్మ చేపను బొమ్మ పొయ్యిమీద పెడితే దోషమేమిటని మాలో ఒకరు, దోషం సంగతి అటుంచి ఉప్పు ఎవరు వేస్తారని మరొకరు.

ఉప్పు ప్రశ్నకు ఆటలో జవాబు లేదు. వండినదానికి రుచి అనే గుణమే లేదు. దెబ్బలు తిన్న వీరుడు లాబ్‌స్టర్ తింటే 12, కత్తిచేప తింటే 14 ప్రాణాంకాలు తిరిగి వస్తాయి. ఫలితం అంతే. వండేవాడు చేయవలసిందీ స్వల్పమే. సంచిలో 28 గదులున్నాయి. బ్యాంకునుండి 28 పచ్చి చేపలు తీసి, పొయ్యిమీద నొక్కి, కూర్చోవడమే. ఒక్కో చేపకు 2.4 సెకన్లు. అది వేగుతుందో మాడుతుందో పాచిక తేలుస్తుంది. స్థాయి పెరిగినకొద్దీ పాచిక మనవైపు మొగ్గుతుంది. రొయ్యలు మాడటం 34వ స్థాయికి, లాబ్‌స్టర్లు మాడటం 74కు, కత్తిచేపలు మాడటం 86కు ఆగిపోతుంది. మాడినదానికి ఒక్క పాయింటూ రాదు, దానిని తినడానికీ వీలులేదు, నేలమీద పారవేయాలి.

ఇక్కడ మాలో పెద్ద చర్చ జరిగింది. ఏ ఇంట్లోనైనా మాడిన అట్టు ఎవరి పళ్ళెంలోకి పోతుంది? వండినవారి పళ్ళెంలోకే కదా! మొదటి అట్టు పెనానికి అంటుకుంటే అదీ అంతే. ఇరవై ఏడేళ్ళలో అలా తిన్నవి ఎన్నో లెక్క లేదు. ఆటలో వంటవాడు ఆ భారమేదీ లేనివాడు, పారవేసి పోతాడు. ఈ మాట అన్నవారు నవ్వుతూనే అన్నారు. విన్నవారు కొంతసేపు ఫోను పక్కన పెట్టారు.

స్థాయిల లెక్క కూడా చెప్పుకోదగినదే. రెండవ స్థాయికి 83 పాయింట్లు చాలు. 99వ స్థాయికి 1,30,34,431 కావాలి. ప్రతి ఏడు మెట్లకు ఒకసారి అవసరమైన మొత్తం దాదాపు రెట్టింపవుతుంది. అందువల్ల 92వ స్థాయికి కావలసిన 65,17,253 పాయింట్లు సరిగా సగం దారి. మన పదోన్నతుల నిరీక్షణతో పోల్చి చూడవద్దని సహోద్యోగులకు మనవి.

తొందరపడేవారికి దగ్గరి దారి ఉన్నది. 35వ స్థాయి దాటితే నీళ్ళకూజాలో ద్రాక్షలు కలిపి సారాయి చేయవచ్చు. పొయ్యి అవసరమే లేదు. అది సరిగా పులిసిందంటే కూజాకు 200 పాయింట్లు. అనేకులు అలాగే పైకి పోతారు. పొయ్యి లేని వంట వంట కాదన్న విషయంలో మాత్రం మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. నెల చందా కట్టేవారికి సొరచేపలు కూడా లభిస్తాయి. మేము ఉచితంగా ఆడేవారము గనుక కత్తిచేపతోనే తృప్తిపడ్డాము. ఎడారి ఊరైన అల్ ఖరీద్‌లో బ్యాంకుకు దగ్గరలోనే పొయ్యి ఉన్నది. ఊరి పేరు వినగానే ధర అడగాలనిపించడం తెలుగు చెవికి సహజం.

సరదాగా సాగుతున్న ఈ వ్యవహారం గత వర్షాకాలంలో మరో విధంగా మారింది. ఇంట్లో వంట చేసేవారు మెట్లమీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆరు వారాలు పిండికట్టు. గరిటె పట్టరాదు, కుక్కరు ఎత్తరాదు. ఎడమచేతి వేలితో ఫోను నొక్కడానికి మాత్రం అభ్యంతరం లేదు. ఆ విధంగా ఇరవై ఏడేళ్ళ అనుభవం సోఫాలో కూర్చుని అల్ ఖరీద్‌లో కత్తిచేపలు కాల్చింది. గడపవద్ద నిలబడే అనుభవం లోపలికి వెళ్ళి నిజమైన పొయ్యి వెలిగించింది. సోఫానుండి ఆదేశాలు వచ్చేవి. బియ్యం మీద వేలి గణుపు వరకు నీళ్ళు. మినప్పప్పు ఎర్రబడుతుండగా ఆవాలు. ఎర్రబడటమంటే ఎంత అని లోపలినుండి ప్రశ్న. “వాసన వస్తుంది,” అని జవాబు. ఎంతసేపటికి వస్తుందంటే, “వచ్చినప్పుడు.” 2.4 సెకన్లకు అలవాటుపడినవారికి అది జవాబుగా తోచలేదు. నాలుగవ వారానికి మాత్రం వాసన వచ్చింది. ఆ క్షణంలో తెరమీద అంకె ఏదీ పెరగలేదు. పొరుగింటివారు ఇంగువ వాసనకు తొంగిచూసి వెళ్ళారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కాగితం కలం తీసుకొని లెక్క వేశాము. రోజుకు రెండు పూటలు చొప్పున ఇరవై ఏడేళ్ళకు 19,710 వంటలు. పూటకు ఒక కత్తిచేప వెల, అంటే 140 పాయింట్లు కడితే 27,59,400. ఆట పట్టిక ప్రకారం ఇది 83వ స్థాయి. ఫరవాలేదనుకున్నాము. “పూటకు ఒక్కటేనా వంటకం?” అని సోఫానుండి ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్న. అన్నం, పప్పు, కూర, చారు నాలుగూ లెక్కలోకి తీసుకుంటే 1,10,37,600. పట్టికలో చూస్తే 97వ స్థాయి! ఉదయపు ఫలహారాలు, పండుగ పిండివంటలు, ఊరగాయలు, అర్ధరాత్రి షిఫ్టునుండి వచ్చినవారికి వేడిచేసిన అన్నం ఇందులో చేరలేదు. ప్రయాణాల్లో వండని రోజులను మినహాయించడానికి మాలో ఒకరు కలం ఎత్తి, మరొకరి ముఖం చూసి దించేశారు.

97 అన్న అంకెను వారు చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ ఇంతవరకు ఒక అంకె చెప్పలేదని అన్నారు. ఎత్తిపొడుపుగా అన్నది కాదు. ఆ కాగితం ఇప్పుడు పోపులపెట్టె ఉన్న అలమర తలుపుకు లోపలివైపు అంటించి ఉన్నది.

పిండికట్టు విప్పిన వారంలోనే ఆటలో 92 పూర్తయింది. మిగిలిన సగానికి మరో 46,500 పైచిలుకు కత్తిచేపలు కాల్చాలి. అంటే 1,660కి పైగా సంచులు, బ్యాంకుకు నడిచే కాలం పోగా పొయ్యిదగ్గరే ముప్పైయొక్క గంటలు. ఆ గంటలు ఎవరివో ఇంకా తేలలేదు. ఆదివారం పప్పు, పోపు మాత్రం చేతులు మారాయి. గత ఆదివారం ఆవాలు మాడాయి. వేసినవారే తిన్నారు.