లాఠీ శుక్రవారం జరిగిన ఊళ్లో...

నెదర్లాండ్స్ అనగానే ట్యూలిప్ తోటలు, ఆమ్‌స్టర్‌డామ్ కాలువల రీల్సే గుర్తొస్తాయి కదా? అటు వెళ్లినప్పుడు ఒక రోజు మిగిలితే ఉత్తరం వైపు రైలెక్కండి. రెండు గంటలు దాటాక లేవార్డెన్ వస్తుంది. ఫ్రీస్‌లాండ్ ప్రావిన్స్‌కి రాజధాని ఇది. స్టేషన్‌కి దగ్గర్లో ఓ కంచు ఆవు నిలబడి ఉంటుంది. పేరు ‘ఊస్ మెమ్’. అంటే ‘మా అమ్మ’! మన డెయిరీల్లో హెచ్‌ఎఫ్ ఆవు అంటామే, అందులో ‘ఎఫ్’ ఈ ఫ్రీస్‌లాండ్‌దే.

ఆవు తర్వాత ఈ ఊరు గొప్పగా చెప్పుకునేది తన పేపర్ గురించి. ‘లేవార్డర్ కూరాంట్’ తొలి సంచిక 1752 జులై 29న వచ్చింది. అబ్రహామ్ ఫెర్వెర్డా మొదలుపెట్టాడు. అంటే ప్లాసీ యుద్ధానికి ఐదేళ్ల ముందన్నమాట! మొదట్లో రోజూ వచ్చేది కాదు, దినపత్రిక కావడం తర్వాతి మాట. పేరు మారకుండా ఇప్పటికీ వస్తున్న డచ్ దినపత్రికల్లో ఇదే అన్నిటికన్నా పాతది.

కానీ ఇక్కడివాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది డచ్ కాదు, ఫ్రీసియన్. ఆ భాషలో ఈ ఊరి పేరు కూడా వేరే... ల్యావెర్ట్. ఆ భాష కోసం రోడ్డెక్కాల్సి వచ్చిన కథ తెలియాలంటే ఊరి నడుమనున్న జాయ్‌లాండ్ మైదానానికి వెళ్లాలి. ఎదురుగా పెద్ద పెద్ద స్తంభాల కోర్టు భవనం కనిపిస్తుంది.

1951లో దగ్గర్లోని హేరెన్‌వేన్ కోర్టులో ఓ జడ్జి ఫ్రీసియన్‌లో మాట్లాడితే ఒప్పుకోలేదు. అక్కడి ప్రాంతీయ పత్రిక ఎడిటర్, కవి ఫెడ్డే స్కూరర్‌కి ఒళ్లు మండింది. జడ్జిని ఏకిపారేస్తూ రాశాడు. ఆయన మీదే పరువునష్టం కేసు పెట్టారు! నవంబర్ 16, శుక్రవారం విచారణ. జనం పోగయ్యారు. పోలీసులు లాఠీలు ఝళిపించారు, నీళ్లు చిమ్మారు. ఆ రోజుకి ‘క్నెపెల్‌ఫ్రీడ్’ అని పేరు పడిపోయింది. అంటే లాఠీ శుక్రవారం. దెబ్బలు ఊరికే పోలేదు. 1956లో కోర్టుల్లో ఫ్రీసియన్ మాట్లాడే హక్కుకి చట్టం వచ్చింది.

తర్వాత స్కూరర్ పత్రిక లేవార్డర్ కూరాంట్‌లోనే కలిసిపోయింది. మరి ఈ పేపర్ ఏ భాషలో వస్తుందనుకున్నారు? ఇప్పటికీ ఎక్కువ భాగం డచ్‌లోనే! ఫ్రీసియన్ రాతలు అక్కడక్కడా కనిపిస్తాయంతే. మాట్లాడటం వచ్చినవాళ్లందరికీ అందులో చదవడం, రాయడం అలవాటు లేదు మరి. అమ్మతో తెలుగు, ఆఫీస్ మెయిల్‌లో ఇంగ్లిష్, వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాల తెలుగు... ఇలా బతికే మనకి ఇది కొత్తేం కాదు. కోర్టులో హక్కు చట్టంతో వస్తుంది. చదివే అలవాటుని మాత్రం ఏ చట్టమూ తెచ్చివ్వలేదు.

ఈ పేపర్ పాత సంచికల్ని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. వెళ్లేముందు ఫోన్‌లో ఓసారి తిరగేయండి. వెళ్లాక కాఫీ తాగుతూ ఆ రోజు పేపర్ ఒకటి కొనండి. భాష రాకపోయినా పర్లేదు, రెండింట్లో ఏది ఏదో పోల్చుకోగలరేమో చూడండి!