కోడలి తప్పు కాదు

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. ఆ రోజే చూసుకుని జిల్లా ఆసుపత్రి ప్రసూతి విభాగానికి వెళ్లాను. బెంచీలన్నీ నిండిపోయాయి. అందరి చేతుల్లోనూ తల్లీబిడ్డల రక్షణ (ఎంసీపీ) కార్డులు, పక్కన ఆశా కార్యకర్తలు.

నాలుగో నెల గర్భిణి ఒకామె లోపలికొచ్చింది. వైద్యురాలు ముందు పాత కాన్పుల సంగతే అడిగారు.

"రెండు పోయాయండీ. ఒకటి ఐదో నెలలో, ఇంకొకటి ఆరో నెల పడగానే."

"నొప్పులొచ్చాయా?"

"లేదండీ. పొత్తికడుపు బరువుగా అనిపించింది. ఉమ్మనీరు పోయింది. అంతే."

"బిందెలెత్తొద్దంటే విన్లేదు మేడమ్," అంది అత్తగారు.

"బిందెల వల్ల కాదమ్మా. గర్భసంచి మూతి బలహీనంగా ఉన్నట్టుంది. మీ కోడలి తప్పేం లేదు."

కోడలు తల ఎత్తి వైద్యురాలి వైపు చూసింది.

ఈ బలహీనతను గర్భం రాకముందే కచ్చితంగా తేల్చే పరీక్ష లేదని వైద్యురాలు నాకు వివరించారు. గతంలో మూతికి జరిగిన ఆపరేషన్, కాన్పులో తగిలిన గాయం, పుట్టుకతో వచ్చిన లోపం కారణం కావచ్చు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. అందుకే తల్లి చెప్పే మాటే తొలి ఆధారం. ఆ తర్వాత యోని ద్వారా చేసే స్కానింగ్‌లో మూతి పొడవు కొలుస్తారు. ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయినవారికి 24 వారాల్లోపు అది 25 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మూతికి కుట్టు వేసే ఆలోచన చేస్తారు. ఈమెలా పదేపదే నష్టపోయినవారికి 12–14 వారాలప్పుడే వేస్తారు. గతంలో ఏ ఇబ్బందీ లేకుండా స్కానింగ్‌లో మాత్రమే మూతి పొట్టిగా కనిపిస్తే ప్రొజెస్టెరాన్ మందు ఇస్తారు.

ఈ కుట్టుకు దారి చూపింది మన దేశపు వైద్యుడే. బొంబాయికి చెందిన వి.ఎన్.శిరోద్కర్ తొడ నుంచి తీసిన పొరతో మూతిని బిగించే పద్ధతిని 1955లో ప్రకటించారు. రెండేళ్ల తర్వాత ఆస్ట్రేలియా వైద్యుడు మెక్‌డొనాల్డ్, సంచి మూతికి తాడు లాగి బిగించినట్టు చుట్టూ కుట్టే తేలిక పద్ధతి చెప్పారు.

అదే ఆసుపత్రి వార్డులో 37వ వారం గర్భిణి కుట్టు తీయించుకోవడానికి ఎదురుచూస్తోంది. మామూలుగా 36–37 వారాల్లో తీసేస్తారు, ఆపైన సహజ కాన్పుకు వీలుంటుంది. అంతకంటే ముందే నొప్పులు, రక్తస్రావం, జ్వరం, ఉమ్మనీరు పోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి. కుట్టు ఉండగా నొప్పులు ముదిరితే మూతి చిరిగిపోయే ప్రమాదముంది. ఇక నెలల తరబడి మంచానికి అతుక్కుపోతే గర్భం నిలుస్తుందనడానికి ఆధారం లేదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

ఐదారు నెలల్లో నొప్పుల్లేకుండా బిడ్డను పోగొట్టుకున్నవారు మీ ఇంట్లో ఉంటే నిందించకండి. మళ్లీ నెల తప్పగానే, మూడో నెల దాటకముందే, పాత కాగితాలతో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జరిగింది దాచకుండా చెప్పించండి.