పాస్‌వర్డ్ కరెక్టే, అయినా మళ్లీ అడుగుతుంది

లినక్స్ లాప్‌టాప్‌లో వైఫై కలవకపోతే ముందు కనిపించేది పాస్‌వర్డ్ బాక్సే. సరిగ్గా కొట్టినా మళ్లీ అదే బాక్సు. చాలామంది అక్కడే విసిగిపోతారు.

వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2లో మనం కొట్టిన పాస్‌వర్డ్ అసలు గాల్లోకే వెళ్లదు. దానికి నెట్‌వర్క్ పేరు కలిపి, 4096 సార్లు లెక్క తిప్పితే ఒక కీ వస్తుంది. ఆ కీ తమ దగ్గర ఉందని రూటరూ లాప్‌టాపూ నాలుగు సందేశాల్లో ఒకదానికొకటి రుజువు చేసుకోవాలి. సిగ్నల్ బాగోకపోయినా, డ్రైవర్ మొరాయించినా ఆ నాలుగూ పూర్తికావు. అప్పుడు లాగ్‌లో 'కీ తప్పు కావచ్చు' అన్న అర్థంలో ఒక లైన్ పడుతుంది. ఆ 'కావచ్చు' సంగతి బాక్సు మనకు చెప్పదు!

ఇంకో తలనొప్పి, డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఇచ్చే రూటర్ మోడ్. డబ్ల్యూపీఏ3కి మేనేజ్‌మెంట్ ఫ్రేముల (కనెక్షన్‌ని నడిపించే సందేశాల) రక్షణ తప్పనిసరి. కొన్ని పాత చిప్‌ల డ్రైవర్లు అక్కడ తడబడతాయి. ఫోన్ హాయిగా కలుస్తుంది, లాప్‌టాప్ కలవదు. తిట్లు మాత్రం లినక్స్‌కి, ఆ లాప్‌టాప్‌లో లినక్స్ వేసిన పుణ్యాత్ముడికి.

లినక్స్ తీసేసి విండోస్ వేసేసే ముందు రూటర్‌లో కాసేపు డబ్ల్యూపీఏ2 (ఏఈఎస్) ఆప్షన్ ఒక్కటే పెట్టి చూడండి. కలిసిందా, పాస్‌వర్డ్‌ని అనుమానించడం మానేసి కెర్నల్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకోండి. విసుగొచ్చి నెట్‌వర్క్‌ని పాస్‌వర్డ్ లేకుండా మాత్రం వదిలేయకండి.